గృహవిజ్ఞానము: గొంతు మాఱిన పాట

జేబులో నిముడు సంగీతయంత్రములు మన యిండ్లలోనికి వచ్చి యిరువది యేండ్లు దాటినది. వానిని పాట వినుటకే గాక, పాట పట్టుటకును మన సోదరీమణు లుపయోగించుచు వచ్చిరి. ఇప్పుడు ఫోనే యా రెండు పనులును జేయుచున్నది. శ్రద్ధ గలవారు చిన్న రికార్డరును బ్రత్యేకముగా గొనుచున్నారు. పెండ్లిలో తలుపు దగ్గఱ పాట, సీమంతమునాటి మంగళహారతి, అవ్వ పాడిన లాలి, సంగీతము చెప్పు పంతులమ్మగారి పాఠము - ఇట్టి వన్నియు బట్టి దాచుకొను వాడుక యేర్పడినది. ఇది మిక్కిలి మెచ్చదగిన వాడుక. ఏలయన, మన స్త్రీల పాటలలో బెక్కు లచ్చున కెక్కలేదు. ఎక్కిన వానికిని మాటలే యెక్కినవి గాని వరుస లెక్కలేదు. వరుస గొంతులోనే యుండును, గొంతుతోనే పోవును.

అయితే, యీ పని చేయు సోదరీమణులు వ్రాయు జాబులలో నొక్కటే చిక్కు పలు రూపముల గానవచ్చుచున్నది. పట్టునపుడు బాగుగనే యుండెననియు, కంప్యూటరులోని కెక్కించి వినగా నత్తగారి గొంతు మగవాని గొంతువలె బొంగురుపోయి యీడ్చుకొనుచు సాగుచున్నదనియు నొకరు వ్రాయుదురు. అమ్మమ్మ పాట చిన్నపిల్ల పాటవలె గీచుమనుచు బరుగెత్తుచున్నదని మఱొకరు వ్రాయుదురు. పాట కడవలోనుండి వచ్చినట్లున్నదని కొందఱు, అసలు పలుకుటయే లేదని కొందఱు. పిమ్మట నందఱును నడుగు ప్రశ్న యొక్కటే: "యంత్రము చెడినదా? పాట పోయినదా? పాడినయామె యిప్పుడు లేదు. మఱల నెవ్వరిచే బాడింతుము?"

సోదరీమణులారా! అధైర్యపడవలదు. ఇట్టి సందర్భములలో బెక్కింట యంత్రము చెడలేదు, పాటయు బోలేదు. ఒక్క సంఖ్య తప్పుగా వ్రాయబడినది, లేదా తప్పుగా జదువబడినది. ఆ సంఖ్యపేరు శాంపిల్ రేటు. దానిని దెలిసికొనక, పాట పాడైనదని ఫైలును దుడిచివేయువారును, దిద్దబోయి మూలమునే చెఱచువారును గలరు. కావున నీ మాస మీ విషయమునే ముచ్చటింతుము.

శాంపిల్ రేటనగా నేమి?

ధ్వని గాలిలో లేచి పడు నల. పూర్వపు గ్రామఫోను పళ్లెములపై నా యల గాడిగా నిలిచియుండెడిది. డిజిటల్ యంత్రము గాడి చెక్కదు. అల యెత్తును వెంటవెంట గొలిచి యంకెలుగా వ్రాసికొనును. అట్లు సెకనునకు నెన్ని పర్యాయములు కొలుచునో యా సంఖ్యయే శాంపిల్ రేటు. దానినే హెర్ట్జులలో జెప్పుదురు. యంత్రపు తెరపై 44.1 అనియో 48 అనియో కనబడిన, అది వేలలెక్క: సెకనునకు 44,100 లేక 48,000 కొలత లన్నమాట.

ముంగిట ముగ్గు పెట్టు సోదరీమణులకు దీనిని దెలిసికొనుట కష్టము గాదు. చుక్కల ముగ్గునకు మొదట సమదూరమున జుక్కలు పెట్టుదుము. పిమ్మట గీత నడపుదుము. చుక్కలు దూరదూరముగా నుండిన సన్నని మెలికలు తీయుటకు వీలు లేదు. దగ్గఱగా నుండిన దీయవచ్చును. రికార్డరు చుక్కలను మాత్రమే పెట్టి దాచును. వినిపించు యంత్రము వానిమీదుగా గీతను మఱల నడపును. అట్లయిన జుక్కకును జుక్కకును నడుమ నున్న పాట పోవును గదా యని సందేహింపవలదు. ధ్వనిలో నెల్ల హెచ్చు కంపనముల సంఖ్యకు రెట్టింపునకు మించి చుక్కలున్నచో, నడిమి గీత నున్నదున్నట్లు తిరిగి తీయవచ్చును. ఈ సూత్రమునకు 1928లో హారీ నైక్విస్టు పునాది వేసెను. 1949లో క్లాడ్ షానన్ దానిని స్పష్టముగా నిరూపించి ప్రకటించెను. వయసులో నున్న మనుష్యుని చెవి సెకనునకు సుమారు 20,000 కంపనముల వఱకు వినగలదు. కావున సెకనునకు 40,000 చుక్కలకు గొంచెము మించి యుండిన, మన చెవికి గావలసిన దంతయు నం దిముడును.

ఇక ముఖ్యమైన మాట. రికార్డరు వ్రాసిన యంకెలలో జుక్కల యెత్తు మాత్రమే యుండును. చుక్కల నడిమి దూర ముండదు. ఆ దూర మెంతయో ఫైలు మొదట, ఊరగాయ జాడీపై నంటించిన చీటివలె, ఒక్కచోట వ్రాయబడును. 1991లో మైక్రోసాఫ్టు, ఐ.బి.యం. కంపెనీలు వెలువరించిన వేవ్ అను ఫైలుపద్ధతిలో నీ చీటియందు ముఖ్యముగా మూడు సంగతు లుండును: శాంపిల్ రేటెంత, ధ్వని యొక్క దారి మోనోయా రెండు దారుల స్టీరియోయా, ఒక్కొక్క కొలతను నెన్ని బిట్లలో వ్రాసిరి. తవ్వతో గొలిచిన బియ్యమును సోలయని విని యెసరు పెట్టిన నన్న మేమగునో మన మెఱుగుదుము. బియ్యము చెడలేదు, కుండ చెడలేదు. కొలత మాట చెడినది. పాట విషయమును నట్టిదే.

ఇన్ని సంఖ్య లేల?

లోకమంతయు నొక్క సంఖ్యనే వాడిన నీ చిక్కు పుట్టకపోవును. కాని యొక్కొక్క సంఖ్య యొక్కొక్క యవసరమునుండి పుట్టినది. డిజిటల్ సంగీతపు తొలినాళ్లలో నన్ని యంకెలను దాచుటకు వీడియో టేపే యాధారము. టేపుపై బొమ్మగీతలకు బదులు ధ్వని కొలతలను వ్రాసిరి. సెకనునకు 60 బొమ్మభాగములు గల పద్ధతిలో భాగమునకు 245 గీతలు, గీతకు 3 కొలతలు. 50 భాగములు గల పద్ధతిలో భాగమునకు 294 గీతలు, గీతకు 3 కొలతలు. రెండు విధముల హెచ్చవేసినను వచ్చునది 44,100. 1982 అక్టోబరు 1వ తేదీన జపానులో నమ్మకమునకు వచ్చిన కాంపాక్ట్ డిస్కు ఆ సంఖ్యనే గైకొనెను. పాటల ఫైళ్లలో నది యట్లే నిలిచిపోయెను.

చలనచిత్రముల దారి వేఱు. 1987లో వచ్చిన డాట్ అను డిజిటల్ టేపు రికార్డరునకు 48,000 ప్రధానమైన రేటు. డి.వి.డి.లకును వీడియో కెమెరాలకును నదియే వాడుకయైనది. టెలిఫోను దారి మఱియొకటి. మాట తెలిసిన జాలునను తలంపుతో నందు 300 మొదలు 3,400 కంపనముల వఱకే పంపెడివారు. దానికి 8,000 కొలతలు చాలెను. స్టూడియోలవారు 96,000, 1,92,000 కూడ వాడుదురు.

పాటల లోకమున 44,100, వీడియోల లోకమున 48,000 - ఈ రెండు సంప్రదాయములు నేటికిని బ్రక్కప్రక్కన నడచుచున్నవి. ఒకే పెండ్లిపందిట వీడియో తీయు యంత్ర మొక సంఖ్యతోను, పాట పట్టు యంత్రము వేఱొక సంఖ్యతోను బనిచేయుచుండును. ఒకే పేరుగల యంత్రమునను నేండ్లనుబట్టి సంఖ్య మాఱును. 2001లో వెలువడి 2022లో నిలిపివేయబడిన ఐపాడు దీనికి మంచి నిదర్శనము. దానికి దొలుత వచ్చిన తగిలింపు మైకులు సెకనునకు 8,000 కొలతలు మాత్రమే పట్టెడివి. 2005లో వచ్చిన యైదవ తరపు ఐపాడులో దక్కువరకమున 22,050 మోనోయు, మేలురకమున 44,100 స్టీరియోయు నేర్పడెను. ఇంటిలో నా కాలపు రికార్డింగు లున్నవారు, అన్నియు నొక్కతీరువని యెంచక, ఒక్కొక్కదాని సంఖ్యను వేఱువేఱుగా జూడవలయును.

గొంతు బొంగురుపోయినను, కీచుమనినను

గ్రామఫోను వాడినవారికి దీని మర్మము తెలియును. నిమిషమునకు 78 చుట్లు తిరుగవలసిన పళ్లెము, తాళము సడలి మెల్లగా దిరిగిన, పాట సాగి గొంతు దిగిపోయెడిది. తాళము తిప్పగనే గొంతు మఱల నిలబడెడిది. చీటి తప్పిన డిజిటల్ పాటకును నదియే గతి.

48,000 తో బట్టిన పాటను 44,100 అని చదివినచో, గంట పాట 65 నిమిషముల 18 సెకనులు సాగును. శ్రుతి సుమా రొకటిన్నర స్వరస్థానము దిగును. శ్రుతిపెట్టెతో 5½ శ్రుతిలో బాడిన యామె గొంతు 4½ కును 5 కును నడుమ బడి, హార్మోనియములో నే మెట్టుతోను గలియదు. 44,100 తో బట్టినదానిని 48,000 అని చదివిన, గంట పాట 55 నిమిషములలోనే ముగియును. శ్రుతి యంతే యెక్కును. వేగము సరిగా రెట్టింపై గొంతొక స్థాయి పైకి బోయినను, సగమై స్థాయి క్రిందికి దిగినను, 44,100 నకు 22,050 నకు దడబాటైనదనియో, మోనో స్టీరియోలు తాఱుమా ఱైనవనియో తలంపవచ్చును.

సరియైన సంఖ్య యేదో తేల్చుటకు మూడు సాక్షులు గలవు. మొదటిది గడియారము: పాట యెంతసేపు పాడిరో తెలిసియున్న, ఫైలు నిడివితో బోల్చిచూడవలెను. రెండవది శ్రుతిపెట్టె: అందలి ధ్వని రికార్డింగులో నున్నచో, ఇప్పుడు దానిని మ్రోయించి పోల్చవచ్చును. మూడవది మన మెవ్వరమును బిలువకయే వచ్చు సాక్షి - కరెంటు హోరు. మన దేశమున గరెంటు సెకనునకు 50 ఆవృత్తులతో నడచును. ఆ సన్నని హోరు గదిలోని తీగలనుండి రికార్డింగులోని కెక్కుట కలదు. ఆడాసిటీ వంటి యుచిత సాధనమున స్పెక్ట్రమను పటము దీసిచూచిన, 50 కడను 100 కడను చిన్న మొనలు గానవచ్చును. అవి 46 కడను 92 కడను నున్నచో, 48,000 పాటను 44,100 అని చదువుచున్నా రనుట రూఢి. 54 కడను 109 కడను నున్న, దానికి విపర్యయము. పాడినయామె లేకున్నను, నాటి యింటి కరెంటు సాక్ష్యము చెప్పుచున్నది!

సంఖ్య తేలిన పిమ్మట దిద్దుట సుళువు. మొదట ఫైలునకు నకలు తీసి, నకలునే తెఱువవలెను. ఆడాసిటీలో బాట పటముపేరు నొక్కిన వచ్చు పట్టికలో "రేట్" అను మాట యుండును. అచ్చట సరియైన సంఖ్య నెన్నుకొనిన చీటి మాత్రము మాఱును; చుక్క యొక్కటియు జెదరదు. గొంతు వెంటనే తన స్థానమునకు వచ్చును. దానిని గ్రొత్త పేరుతో, అదే సంఖ్యతో దాచవలెను.

ఇచ్చట రెండు పొరపాట్లకు దావీయరాదు. "రీశాంపుల్" అను పనియు రేటు మార్చునదే యని కొందఱు దానిని నొక్కుదురు. అది చీటి మార్చుట కాదు. చుక్కలనన్నింటిని గ్రొత్తగా లెక్కగట్టి పెట్టుట. తప్పుగొంతు తప్పుగనే యుండును. పైగా నా తప్పు స్థిరపడును. "పిచ్" మార్చు పనిని నొక్కుట రెండవది. అది శ్రుతిని మాత్ర మెత్తి, సాగిన నడకను సాగినట్లే యుంచును. చీటి తప్పినపుడు చీటినే దిద్దవలెను గాని పాటను ముట్టరాదు.

బ్యాటరీ నడుమ నాగిపోయిన రికార్డింగుల విషయ మింకొకటి. చీటిలో నిడివి వ్రాయకమునుపే యంత్ర మాగిన, ఫైలు తెఱచినపుడు నిడివి సున్న యని కనబడును. కాని ఫైలు పరిమాణ మనేక లక్షల బైట్లున్నచో బాట లోపల నున్నదని నమ్మవచ్చును. ఆడాసిటీలో "రా డేటా"గా దెచ్చుకొను మార్గ మొకటి గలదు. అందు శాంపిల్ రేటు, దారులు, బిట్లు అను మూడు సంగతులను మనమే చెప్పవలెను. ఆ యంత్రముతో దీసిన వేఱొక మంచి ఫైలు చీటిని జూచి యా మూటినే చెప్పిన గొంతు సరిగా వచ్చును. ఊహించి చెప్పిన బొంగురో, కీచో, వట్టి బుసయో వినబడును. బుస వచ్చినంతమాత్రమున నిరాశపడక బిట్ల సంఖ్య మార్చి చూడవలెను.

గొంతు మూసికొనిపోయినచో

శ్రుతియు నడకయు సరిగనే యుండి, గొంతు మాత్రము కడవలోనుండి వచ్చినట్లున్నచో నది వేఱు జబ్బు. చుక్కలే తక్కువ పడినవి. 8,000 చుక్కలలో 4,000 కంపనములకు బైనున్న దేదియు నిమడదు. శ, ష, స లను వేఱుపఱచు నూదురులో బెద్దభాగ మంతకు బైననే యుండును. తాళముల గలగలయు, తంబుర మీటులోని మెఱుపును నట్లే. అవి యన్నియు నందు లోపించును.

నేటి యిండ్లలో నిట్లగుట కొక ముఖ్యకారణము చెవిలో బెట్టుకొను తీగలేని బ్లూటూత్ సాధనములు. పాట వినునపు డవి చక్కగనే వినిపించును. కాని దాని మైకుతో బాట పట్టబోయిన, పెక్కింట నది టెలిఫోను మాటకు బెట్టిన దారిలోనికి మాఱి, 8,000 గాని 16,000 గాని చుక్కలతోనే పంపును. ఫైలు చీటిపై 48,000 అని యున్నను లోపలి సరకు టెలిఫోను సరకే. కావున బాట పట్టునపుడు బ్లూటూతు నార్పి, యంత్రపు సొంత మైకునో తీగమైకునో వాడవలెను.

ఇట్లు మూసికొనిపోయినదానికి మందు లేదు. 8,000 పాటను 44,100 గా మార్పించిన ఫైలు పెద్దదగును గాని పోయిన ధ్వని రాదు. పలుచని మజ్జిగను బెద్ద కడవలో బోసిన జిక్కబడునా? అయినను దానిని బాఱవేయరాదు. మాట, వరుస, నడక యందు నిలిచియే యుండును. పాట నేర్చుకొనుటకు నంతమాత్రము చాలు. ఆ గొంతు నెఱిగినవారి కంతకన్న నెక్కువగనే చాలును.

పాట పలుకనిచో, టిక్కుటిక్కుమనినచో

క్రొత్త రికార్డరుపై 96,000 పెట్టి 24 బిట్లతో బట్టినదానిని బాత జేబుయంత్రములో వేసిన నది పలుకకపోవచ్చును. పెక్కు పాతయంత్రములు 48,000 కు మించి చదువనేరవు. ఎంపీత్రీ పద్ధతిలో 48,000 కు మించిన రేటే లేదు. ఇచ్చట మాత్రము రీశాంపుల్ చేయుటయే తగిన పని: వినుటకు 44,100, 16 బిట్ల నకలొకటి చేసికొని, మూలము నట్లే యుంచవలెను.

పాట నడుమ టిక్కుటిక్కుమను చప్పుడు వినబడిన, మొదట మెమొరీకార్డును సందేహింపవలెను. నెమ్మదైన కార్డు హెచ్చు రేటు నందుకొనలేక చుక్కలను జాఱవిడుచును. పాత డిస్కులనో టేపులనో వెలుగుతీగ గుండ జేబురికార్డరులోని కెక్కించువారికి గారణము వేఱుగా నుండవచ్చును. ఐరివర్ కంపెనీవారి హెచ్ 120, హెచ్ 140 వంటి యంత్రములలో నిట్టి తీగకు దా రుండెడిది. ఈ మార్గమున రేటు నిర్ణయించునది పంపు యంత్రము. పట్టు యంత్ర మనుసరింపవలెను. డిస్కునుండి వచ్చు 44,100 కు రికార్డరుపై 48,000 పెట్టిన, రెండు రోకళ్లు తాళము తప్పి పడినట్లగును. రెండింటను సంఖ్య నొక్కటిగా జేసిన జప్పు డాగును.

వీడియో బొమ్మతో వేఱుగా బట్టిన పాట కలియకుండుట మఱియొక ఫిర్యాదు. ప్రతి యంత్రపు లోగడియారమునను లవలేశము తేడా యుండును. పదిలక్షలకు 50 పాళ్లు తేడా యున్నను, గంటకు సెకనులో నైదవవంతునకు లోపుగనే తొలగును. దానిని నడుమ నొకచో గత్తిరించి సరిపెట్టుకొనవచ్చును. తేడా గంట కైదు నిమిషములున్నచో నది గడియారపు తప్పు కాదు. పైన జెప్పిన చీటి తప్పే.

పట్టుటకు ముందు

మొదట సంఖ్య నేర్పఱచుకొనవలెను. పాటకు 44,100 ఐనను 48,000 ఐనను సమానమే. మన చెవికి రెండును జాలును. వీడియోతో గలుపవలసియున్న 48,000 పెట్టుటయే మేలు. బిట్లు కొలత యెంత సన్నముగా నున్నదో తెలుపునవి: 16 బిట్లలో 65,536 మెట్లు, 24 బిట్లలో 1,67,77,216 మెట్లు గలవు. 24 బిట్లకు వీలున్న నదియే పెట్టి, మైకుజోరును గొంచెము తగ్గించి యుంచిన, పాడునామె గొంతెత్తినను పగులదు. మెల్లగా బాడినను పోదు. 96,000 పెట్టవలసిన పని యింటిపాటల కుండదు. గంటకు 44,100, 16 బిట్ల స్టీరియోకు సుమారు 635 మెగాబైట్లు. 48,000, 24 బిట్లకు సుమారు 1,037. 96,000, 24 బిట్లకు సుమారు 2,074. నడిమిదాని ప్రకారము 32 గిగాబైట్ల కార్డులో దాదాపు ముప్పది గంటల పాట యిముడును. కావున దావు చాలదను భయముతో బట్టునపుడే ఎంపీత్రీ పెట్టవలసిన పనియు లేదు. వేవ్ గా బట్టి, పంచిపెట్టు నకళ్లను మాత్ర మెంపీత్రీ చేయవచ్చును.

రెండవది, శుభకార్యమునకు ముందునా డొక్క నిమిషము పట్టి చూడవలెను. గడియారము ముందు పెట్టుకొని సరిగా నిమిషము మాటాడి, ఆ ఫైలును గంప్యూటరులోని కెక్కించి, వేఱొక యంత్రమునను వినవలెను. నిడివి నిమిషమే యున్న దారి బాగుగ నున్నది. 65 సెకనులో, 55 సెకనులో యున్న, నేడే దిద్దుకొనవచ్చును. కూర యుప్పు వడ్డనకు ముందే గదా చూడవలెను!

మూడవది, ప్రతి రికార్డింగు మొదటను దేదీ, ఊరు, పాడునామె పేరు, పాట పేరు, యంత్రముపై బెట్టిన సంఖ్య నోటితో జెప్పి, పిమ్మట శ్రుతిపెట్టెను అరనిమిషము మ్రోయింపవలెను. చీటి చిరిగినను నీ మాట యుండును. ఏబదియేండ్ల పిదప నీ ఫైలును దెఱుచు మనుమరాలికి మనమెవరమో, ఏ శ్రుతిలో బాడితిమో తెలుపుటకు వేఱొక సాధనము లేదు.

నాలుగవది, మూలమును ముట్టరాదు. దిద్దుట, కత్తిరించుట, రేటు మార్చుట, అన్నియు నకలు మీదనే. మూలపు నకళ్లు రెండు వేఱువేఱు చోట్ల నుంచవలెను. ఒకటి మనయింట నుండిన, ఇంకొకటి యక్కచెల్లెండ్ర యింట నుండవచ్చును.

పాట నేర్చుకొను పిల్లలున్న యింట నీ జాగ్రత్త మఱింత యవసరము. పంతులమ్మగారి పాఠము రేటు తప్పి యొకటిన్నర స్వరస్థానము దిగియున్న, పిల్ల దానితో గొంతు గలిపి మెట్టు లేని శ్రుతిలో సాధన చేయును. మఱునాడు పాఠమున గలియక, తప్పు తనదే యని దిగులుపడును. పిల్లను గోపించుటకు ముందు ఫైలు చీటి చూచుట పెద్దలకు ధర్మము.

ఇండ్లలో బాతయంత్రములును, మూలబడిన మెమొరీకార్డులును దఱచుగా నుండును. "ఇందేమియు లేదు, ఏదో బొంగురుగొంతు" అని ప్రక్కన బెట్టిన ఫైళ్లందు బెద్దల పాట లుండవచ్చును. ఊర్మిళాదేవి నిద్రవంటి నిడుపాటి కథాపాట మొదలునుండి తుదివఱకు నోట నున్నవా రెందఱో లేరు. అట్టి దొకటి యా బొంగురుగొంతు వెనుక దాగియున్నచో, మనకును దానికిని నడుమ నున్నది యొక్క సంఖ్య మాత్రమే. తుడిచివేయుటకు ముందు సోదరీమణు లా సంఖ్యను సరిచూతురు గాక. సరిచూచిన పిమ్మట నింటిల్లిపాదిని గూర్చుండబెట్టి వినిపింతురు గాక. ఆ గొంతు తన స్థానమునకు వచ్చిన క్షణమున నదియెవరి గొంతో మొదట గుఱుతించువారు, దానిని జిన్ననాట విన్న ముసలివారే యగుదురు.